కాలువలు కట్టేసినప్పుడు చూసిన ఇల్లు

మా గోదావరి జిల్లాల్లో అద్దె ఇళ్లు చేతులు మారేది ఎక్కువగా ఎండాకాలంలోనే. పిల్లల పరీక్షలు అయిపోతాయి, బదిలీ ఆర్డర్లు వస్తాయి, బడులు తెరిచేలోగా సామాను దించేసుకోవాలని అందరికీ తొందర. సరిగ్గా అప్పుడే దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు పూర్తయి కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు వదలడం ఆపేస్తారు. పంట బోదెలు ఎండిపోతాయి, ఊరచెరువులో నీళ్లు దిగిపోతాయి, భూమిలో తడి కూడా కిందికి పోతుంది. ఇక్కడి గోడలు ఏడాది మొత్తం మీద పొడిగా కనిపించేది ఆ రోజుల్లోనే. ఓనరు గారు లప్పం పెట్టించి, రంగులు వేయించి, గేటుకి టు-లెట్ బోర్డు తగిలిస్తారు. మనం వెళ్లి చూస్తాం. ఇల్లు కళకళలాడుతూ ఉంటుంది. అడ్వాన్స్ చేతిలో పెట్టి తాళాలు తీసుకుంటాం.

జూన్‌లో కాలువలు వదులుతారు. సార్వా, అంటే వానాకాలపు వరి, నాట్లు పడతాయి. శ్రావణ మాసం వచ్చేసరికి ఆ ఇంటి సంగతి బయటపడుతుంది. వంటింటి గోడ నడుము ఎత్తు దాకా చెమ్మెక్కుతుంది. పడకగదిలో శ్లాబు మూల నుంచి నీళ్లు కారతాయి. గట్టి వాన పడిన రాత్రి వీధి మురుగు వెనక్కి తన్ని బాత్‌రూములోకి వస్తుంది. కంగారుపడి పక్కింటివాళ్లని అడిగితే, "అయ్యో, ప్రతి ఏడూ ఉండేదేనండి, మీకు చెప్పలేదా?" అంటారు.

చెప్పలేదు. నా బాధంతా ఆ చెప్పకపోవడం గురించే. పాత ఇంటికి లోపం ఉండొచ్చు, డెల్టాలో ఉండకపోతేనే ఆశ్చర్యం. కానీ తనకి తెలిసిన లోపాన్ని, అది కనపడని నెలల్లో, కనపడకుండా చేసి మరీ అద్దెకివ్వడం మోసం. అలా మోసపోయిన కుటుంబం నోటీసు ఇచ్చినా, కోర్టు మెట్లెక్కినా దాన్ని పొగరు అనీ, విశ్వాసం లేకపోవడం అనీ మనం అనకూడదు. ఈ మాట మా వైపు చాలామందికి నచ్చదని తెలుసు. అయినా చెప్పాల్సిందే.

ముందు ఈ నేల గురించి కొంచెం. భీమవరం, పాలకొల్లు, నరసాపురం, అమలాపురం వైపు చాలా చోట్ల నల్ల బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని నెర్రెలిస్తుంది. పునాది తగినంత లోతు లేకపోతే ప్రతి ఏటా ఆ ఉబ్బూ ఆ కుంగూ గోడల మీద ఏటవాలు పగుళ్లుగా తేలతాయి. కొత్త కాలనీల్లో చాలా ఇళ్లు మెరక చేసిన స్థలాల్లో లేచినవే. నిన్నమొన్నటి దాకా వరిచేనో చేపల చెరువో అయిన చోట మట్టి తోలి ఎత్తు చేస్తారు. ఆ మట్టిని సరిగా దిమ్మిస కొట్టకుండా, కుదురుకునే వ్యవధి ఇవ్వకుండా కట్టేస్తే కొన్నేళ్లకి గచ్చు ఒక పక్కకి దిగుతుంది, తలుపులు గుమ్మాల్లో బిగుసుకుపోతాయి.

చెమ్మ సంగతి వేరు. ఇటుకకి కింద నుంచి నీటిని పైకి లాగే గుణం ఉంది. పునాది పైన, గోడ మొదలయ్యే చోట తడి ఎక్కకుండా వేసే డీపీసీ పొర వేయకపోయినా, వేసింది దెబ్బతిన్నా, నీళ్లు నెమ్మదిగా గోడలోకి ఎక్కుతాయి. సముద్రానికి దగ్గర మండలాల్లో, రొయ్యల చెరువుల పక్కన ఆ నీళ్లలో ఉప్పు కూడా ఉంటుంది. గోడ ముఖం దగ్గరికి వచ్చాక నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే ఉండిపోయి గట్టిపడుతుంది. ఆ ఉప్పే ప్లాస్టరింగుని లోపల్నుంచి నెట్టి పెచ్చులుగా ఊడగొడుతుంది. శ్లాబులోని ఊచలకి కూడా ఉప్పే శత్రువు. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, దాని కిందున్న సిమెంటు ఊడి మంచం మీద పడుతుంది. గోడ ఎండినప్పుడు పైన లప్పం పెట్టి రంగు వేస్తే ఇవేవీ నయం కావు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ల కంటికి ఆనవు, అంతే. మళ్లీ కాలువలు వదిలేదాకా ఆ పని సరిపోతుంది.

భీమవరంలో మేం అద్దెకున్న ఒక ఇంట్లో ఇది నా కళ్లతో చూశాను. వినాయక చవితికి పట్టుచీర తీద్దామని బీరువా తెరిస్తే కింది అరలోంచి ముక్కవాసన గుప్పుమంది. జరీ నల్లబడింది. చీరల అడుగున పెట్టిన మా అమ్మాయి సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరుకి అతుక్కుపోయాయి, లాగితే సంతకం ఉన్న చోట అక్షరాలు కవరుకే వచ్చేశాయి. పక్కింటి అబ్బాయిల్ని పిలిచి బీరువా జరిపిస్తే వెనక గోడ స్కర్టింగు నుంచి నా నడుము దాకా ఉబ్బి ఉంది. వేలు పెడితే లప్పం పలకలాగా చేతిలోకి వచ్చింది. దాని కింద ఇంకో లప్పం, లేత ఆకుపచ్చ రంగుతో. దాని కింద మరొకటి, మీగడ రంగు. ఆ అడుగున ఎప్పటిదో నీలం సున్నం. ఎన్నిసార్లు ఆ గోడకి అదే వైద్యం చేశారో ఆ పొరలే చెబుతున్నాయి.

ఓనరు గారిని మేం బాబాయిగారూ అని పిలిచేవాళ్లం. ఆయన వచ్చి చూసి, "ఈ ఊళ్లో ఎవరి గోడ చూసినా ఇంతేనమ్మా. డెల్టాలో చెమ్మ లేని ఇల్లు ఎక్కడుంది?" అన్నారు.

"మరి ఇల్లు చూపించేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ గోడకి బీరువా పెట్టేవాళ్లం కాదు కదా బాబాయిగారూ?"

"మీరు అడగలేదు కదమ్మా."

ఆ తర్వాత మా చుట్టాలింట్లో రంగులు వేయడానికి వచ్చిన పెయింటరు, మా అడ్రసు వినగానే, "ఆ వెనక గది గోడా? ఏటా మే నెలలో దానికి లప్పం పెట్టేది నేనేనండి, ఆయ్" అన్నాడు. అతను దాచడానికి ఏమీ లేదు, పని చేశాడు, కూలి తీసుకున్నాడు. తెలిసి కూడా నోరు మెదపనిది ఓనరు గారు.

"మీరు అడగలేదు" అన్న మాటకి మన చట్టంలో జవాబుంది. అదీ ఇవాళ్టిది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్, మొట్టమొదటి క్లాజు. ఇంటిని ఏ పని కోసం తీసుకుంటున్నారో ఆ పనికి అడ్డుపడే ముఖ్యమైన లోపం ఏదైనా ఉండి, అది ఇచ్చేవాడికి తెలిసి, తీసుకునేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా తీసుకునేవాడు కనిపెట్టలేనిదైతే, ఇచ్చేవాడు దాన్ని బయటపెట్టి తీరాలి. అడిగితేనే చెప్పాలని అందులో లేదు. చెప్పాల్సిన బాధ్యత ఇచ్చేవాడి మీదే పెట్టారు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలువలు తవ్వించిన ముప్పై ఏళ్లకి వచ్చిన చట్టం ఇది. మా తాతల కాలం నుంచీ అమల్లో ఉంది. అద్దెకున్నవాళ్లలో దీని పేరు విన్నవాళ్లు మాత్రం నాకు చాలా తక్కువమంది కనిపించారు.

ఆ క్లాజులో నన్ను బాగా పట్టుకున్నది 'మామూలు జాగ్రత్త' అన్న షరతు. మెట్ట ప్రాంతంలో ఇల్లు చూసేవాడికి గోడ మీద మరక కనిపిస్తుంది, చూసీ తీసుకుంటే అది అతని ఇష్టం. మరి కాలువలు కట్టేసిన మే నెలలో, కొత్త లప్పం మీద కొత్త రంగు ఆరీ ఆరకముందు, ఒక గుమస్తా గారూ వాళ్లావిడా పది నిమిషాలు ఇల్లంతా తిరిగి చూస్తే ఏం కనిపెట్టగలరు? గోడ గోకి చూడాలా? వానాకాలం దాకా ఆగి అడ్వాన్స్ ఇవ్వాలా? డెల్టాలో కాలాన్ని బట్టి కనపడకుండాపోయే లోపం మామూలు జాగ్రత్తకి అందదు. నేను లాయరుని కాను. కానీ ఈ ప్రాంతపు అద్దె వివాదం ఏదైనా జడ్జి ముందుకి వెళ్తే మొట్టమొదట వివరించాల్సింది కాలువల క్యాలెండరే అని గట్టిగా నమ్ముతాను. ఎప్పుడు కట్టారు, ఎప్పుడు వదిలారు, ఇల్లు ఎప్పుడు చూపించారు, రంగులు ఎప్పుడు వేయించారు. ఈ నాలుగు తేదీలు ఒక కాగితం మీద పెడితే కథ అర్థమైపోతుంది.

కాంట్రాక్టు చట్టం కూడా ఇక్కడ పనికొస్తుంది. 1872 నాటి ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మోసపుచ్చే ఉద్దేశంతో తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడం మోసం కిందికే వస్తుంది. మాట్లాడకుండా ఊరుకోవడం ఒక్కటే అయితే మామూలుగా మోసం అనిపించుకోదు, నోరు విప్పాల్సిన బాధ్యత ఉన్నప్పుడు మాత్రం అనిపించుకుంటుంది. ఆ బాధ్యతని 108వ సెక్షన్ ఓనరు మీద ముందే పెట్టింది. ఇక తడి గోడకి ఏటా లప్పం పెట్టించడం ఊరికే ఊరుకోవడం ఎలా అవుతుంది?

ఇందులో అద్దెకున్నవాళ్లకి చేదు విషయాలు కూడా ఉన్నాయి, అవీ చెప్పాలి. 108వ సెక్షన్ మొదలే "దీనికి విరుద్ధమైన ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడు" అని మొదలవుతుంది. అంటే మీరు సంతకం పెట్టిన కాగితంలో "ఇంటిని ఉన్నది ఉన్నట్టుగా, అన్నీ చూసుకుని తీసుకున్నాను" అని ఒక ముక్క ఉంటే ఓనరు దాని వెనక దాక్కోవచ్చు. మీసేవ దగ్గరా, కోర్టు బయట డాక్యుమెంటు రైటర్ల దగ్గరా దొరికే నమూనాల్లో ఇలాంటి వాక్యాలు ఉంటాయి. ఎవరూ చదవరు, వంద రూపాయల స్టాంపు పేపరు మీద పేరు మార్చి సంతకం పెట్టేస్తారు.

రెండోది ఇంకా చేదు. లోపం చెప్పాలని చట్టం అంటుంది గానీ, ఒప్పందంలో రాసుకోకపోతే ఇంటిని బాగు చేయించాలని ఓనరుని ఆ చట్టం నేరుగా బలవంతపెట్టదు. అదే సెక్షన్‌లో, నోటీసిచ్చినా తగిన సమయంలో ఓనరు రిపేరు చేయించకపోతే అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని ఉంది. చాలామంది దీన్ని పట్టుకుని తొందరపడతారు. కానీ అది ఓనరు చేయిస్తానని ఒప్పుకున్న, లేదా చేయించాల్సిన బాధ్యత ఉన్న రిపేర్లకే వర్తిస్తుంది. అందుకే రిపేరు ఎవరిదో కాగితం మీద లేనప్పుడు అద్దె ఆపేయడం ప్రమాదం. అద్దె ఎగ్గొట్టారన్న మాట మీద కేసు మీ మీదికే తిరుగుతుంది. అద్దె బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో నెల నెలా కడుతూ, మరో పక్క నష్టపరిహారం అడగడమే క్షేమం.

కేంద్ర క్యాబినెట్ 2021 జూన్‌లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ ఈ విషయంలో కొంత నయం. శ్లాబు, గోడల లాంటి నిర్మాణపు రిపేర్లు, సున్నాలు, రంగులు, పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఇంటి యజమాని వంతు అని షెడ్యూలులో విడదీసి రాశారు. ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదన్నారు. కానీ అది నమూనా చట్టం మాత్రమే, రాష్ట్రాలు తమ తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి. పైగా అందులోని ఒప్పందం ఫారంలో పేర్లూ, అద్దే, గడువూ లాంటి వాటికి గళ్లున్నాయి. ఈ ఇంట్లోకి ఎప్పుడైనా వరద నీరు వచ్చిందా అని అడిగే గడి లేదు.

ఆ గడి గురించే నేను ఎక్కువగా మాట్లాడాలనుకుంటున్నాను. చెమ్మతో వస్తువులు పాడవుతాయి, పిల్లలకి దగ్గు, ఆయాసం వస్తాయి. వరద అయితే ఒక్క రాత్రిలో ఇంటిని ఊడ్చేస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటికి లెక్కలున్నాయి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటిందనీ, 2022 జూలైలో 25 లక్షలు దాటిందనీ ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ప్రతి ఇంటికీ ఇలాగే సొంత లెక్క ఒకటి ఉంటుంది. 2022లో అరుగు మీద ఎన్ని మెట్లు మునిగాయి, 1996 నవంబరు తుఫానుకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, వీధి డ్రెయిన్ పొంగితే మోకాలి లోతా చీలమండ లోతా. ఆ లెక్క ఇంటివాళ్లకి నోటికి వచ్చు. చుట్టాలకి కథలు కథలుగా చెబుతారు. అద్దెకి వచ్చినవాళ్లకి మాత్రం చెప్పరు.

గోదావరి పాయల మధ్య దీవుల్లో ఉండే లంక గ్రామాలవాళ్లు ఈ విషయంలో నయం, దాచడానికి అక్కడ వీలే లేదు. ఎవరైనా ఇల్లు చూడటానికి వెళ్తే "గోదారి వస్తే సామాను అటక మీదికి ఎక్కించుకోవాలండి" అని ముందే చెప్పేస్తారు. ఇబ్బందంతా పట్టణాల్లోనే. యానాంలో గానీ, రాజమండ్రిలో ఆవ వైపు పల్లపు కాలనీల్లో గానీ, భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ పక్క వీధుల్లో గానీ బయటి ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన మనిషికి ఏ వీధి పల్లమో, ఏది మెరకో ఎలా తెలుస్తుంది? అనంతపురం నుంచి వచ్చిన టీచరుకి డ్రెయిన్ అంటే ఇంటి ముందు మురుగు కాలువే. ఇక్కడ డ్రెయిన్ అంటే వేల ఎకరాల నీటిని మోసుకెళ్లే ఏరు అనీ, సముద్రం పోటు మీద ఉంటే అది దిగదనీ ఆవిడకి ఎవరు చెప్పాలి?

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం చేసిన పని చూడండి. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను హ్యూస్టన్ నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇల్లు అద్దెకిచ్చేవాడు ఒప్పందం మీద సంతకాలు పెట్టేలోపే రెండు సంగతులు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఇల్లు వందేళ్ల వరద మైదానంలో, అంటే ఏ ఏడాదైనా మునిగే అవకాశం నూటికి ఒక వంతు ఉన్న చోట, ఉన్నట్టు తనకి తెలుసా? తనకి తెలిసినంతలో గత ఐదేళ్లలో ఒక్కసారైనా ఇల్లు మునిగిందా? చెప్పకుండా ఇచ్చి, తర్వాత వరదకి అద్దెకున్నవాళ్ల సామాను సగానికి సగం విలువ పోయేంతగా దెబ్బతింటే, వాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు, ముందుగా కట్టిన అద్దె వెనక్కి వస్తుంది. ఇంతే చట్టం. ఇల్లు మునిగే చోట ఉంటే అద్దెకివ్వొద్దని అనలేదు, ఎత్తు పెంచమని అనలేదు. చెప్పమంది. ఇంగ్లండు ఇంకా ముందుకి వెళ్లింది. అక్కడ మనిషి ఉండటానికి తగినట్టు లేని ఇంటి మీద అద్దెకున్నవాళ్లు నేరుగా కోర్టుకి వెళ్లేలా 2019 మార్చి నుంచి చట్టం ఉంది, చెమ్మా బూజూ కూడా దాని కిందికి వస్తాయి. రోచ్‌డేల్ అనే ఊళ్లో అద్దింటి బూజు వల్ల 2020 డిసెంబరులో రెండేళ్ల పసివాడు చనిపోయాక, ప్రభుత్వ, సామాజిక సంస్థల ఇళ్లలో చెమ్మ ఫిర్యాదులకి గడువులు పెడుతూ ఆ పిల్లవాడి పేరుతోనే నిబంధనలు తెచ్చారు. అంత దూరం మనం ఎప్పటికి వెళ్తామో గానీ, టెక్సస్ వాళ్ల రెండు ప్రశ్నలు గోదావరి డెల్టాలో రేపటి నుంచి అడగొచ్చు.

మా వైపు వినపడే అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇక్కడ అద్దెకిచ్చేవాళ్లంతా పెద్ద ఆస్తిపరులు కారు. భర్త పోయాక కింది వాటా అద్దెతో మందులు కొనుక్కునే పెద్దావిడలు ఉన్నారు. కొడుకు హైదరాబాద్‌లో ఉండి, ఇల్లు బాగు చేయించడానికి డబ్బు లేక, పాడుపెట్టడం ఇష్టం లేక, ఎవరో ఒకరు దీపం పెడితే చాలని తక్కువ అద్దెకి ఇచ్చేవాళ్లు ఉన్నారు. "ఇంట్లో చెమ్మ ఉంది, గట్టి వానకి నీళ్లొస్తాయి అని చెబితే ఎవరొస్తారమ్మా?" అని ఒక పిన్నిగారు నన్ను అడిగారు. ఆవిడ కంగారు నిజమైనదే.

కానీ ఆవిడకి నేను చెప్పిన జవాబూ నిజమైనదే. చెబితే వస్తారు. అద్దె కొంచెం తగ్గించమని అడుగుతారు, మంచం ఆ గోడకి దూరంగా వేసుకుంటారు, ఫ్రిజ్ దిమ్మ మీద పెట్టుకుంటారు, సర్టిఫికెట్లు అటక మీద పెట్టుకుంటారు. చెప్పి ఇచ్చిన ఓనరు మీద 108వ సెక్షన్ కింద కేసే నిలవదు, అద్దెకున్నవాళ్లకి తెలిసిన లోపం కాబట్టి. ఒక కాగితం ముక్క మీద నాలుగు లైన్లు రాసిస్తే ఆ పెద్దావిడకే రక్ష. దాచి ఇస్తే ఆవిడ అడ్వాన్స్‌లో ఖర్చు పెట్టేసిన డబ్బు శ్రావణ మాసంలో ఒక్కసారిగా వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. ఇంకో సంగతి. తక్కువ అద్దె అని వచ్చే కుటుంబానికి పాడైన పరుపు, ఫ్రిజ్, మిక్సీ మళ్లీ కొనుక్కోవడం ఓనరుకి శ్లాబు బాగు చేయించడం కన్నా తేలికేమీ కాదు. పేదరికం రెండు వాటాల్లోనూ ఉన్నప్పుడు, తెలిసినవాడు తెలియనివాడికి చెప్పడమే ధర్మం.

మరి అద్దెకున్నవాళ్లు ఎందుకు గట్టిగా అడగరు? పరువు ఒకటి. "ఇంటి ఓనరు మీద కేసు వేసినవాళ్లట" అన్న మాట ఊరంతా పాకితే రేపు ఇంకెవరు ఇల్లిస్తారని భయం. పదకొండు నెలల కాగితం రిజిస్టరు కాలేదు కాబట్టి హక్కే లేదన్న అపోహ ఇంకొకటి.  ఏడాది మించని గడువుకి నోటిమాటతో తాళాలిచ్చినా చట్టం దృష్టిలో అది అద్దె ఒప్పందమే, 108వ సెక్షన్ దానికీ వర్తిస్తుంది. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి టెన్షన్. కోర్టు అంటే ఏళ్లూ పూళ్లూ, లాయరు ఫీజులూ, వాయిదాలూ అని.

ఆ టెన్షన్ సగం తగ్గించే దారి ఉంది. కోర్టులున్న పట్టణాల్లో మండల న్యాయ సేవా కమిటీలు ఉంటాయి. ఉమ్మడి జిల్లాలకి ఏలూరులో, రాజమండ్రిలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, ఇంకా కొన్ని వర్గాలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరి అవార్డు ఇస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. 15100 నంబరుకి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. మా బీరువా గోడ వ్యవహారం అలాగే తేలింది. ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించాం, తర్వాత నా పేరు మీద దరఖాస్తు పెట్టాం. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడారు. పెయింటరు వచ్చి చెబుతానన్నాడు, ఆ అవసరమే రాలేదు. నాలుగు రంగుల పొరలున్న ఫోటో బల్ల మీద పెట్టగానే బాబాయిగారు చాలాసేపు దాన్నే చూశారు. అడ్వాన్స్ మొత్తం, సామాను బండి ఖర్చు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. చీరలకీ సర్టిఫికెట్లకీ ఏమీ రాలేదు. ఆ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే రాజీలో అన్నీ రావు. అన్నీ కావాలంటే దావా వేసి నడిపించాలి, కొన్ని కుటుంబాలు నడిపించాలనే నేను కోరుకుంటాను. ఏ కోర్టో డెల్టా కాలాన్ని లెక్కలోకి తీసుకుని గట్టి తీర్పు ఇస్తే, అది వెయ్యి ఇళ్ల ఓనర్లని నోరు విప్పేలా చేస్తుంది.

సాక్ష్యం మాత్రం మొదటి రోజు నుంచే పోగు చేసుకోవాలి. ఇల్లు చూసిన రోజే ఫోన్‌తో ప్రతి గోడనీ కింద నుంచి ఫోటో తీసుకోండి. నడుము ఎత్తు దాకా ఒక రకం నునుపు, ఆ పైన ఇంకో రకం కనిపిస్తే ఆ గోడకి కొత్త లప్పం పడిందని అర్థం. గుమ్మాల అడుగు చివర్లు చూడండి, కుళ్లితే అక్కడ కొత్త చెక్క అతుకు ఉంటుంది. మోటారు ఎంత ఎత్తు దిమ్మ మీద ఉందో చూడండి, ఇంటివాళ్లు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో తెలిసే ఆ దిమ్మ కట్టించి ఉంటారు. మూలనున్న కిరాణా కొట్టులో ఏదో ఒకటి కొని, "2022లో ఈ వీధిలోకి నీళ్లు వచ్చాయాండి?" అని అడగండి, ఎవరూ అబద్ధం చెప్పరు. చెమ్మ బయటపడగానే తేదీతో ఫోటోలు తీసి ఓనరు గారికి వాట్సాప్ చేయండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. ఆ మెసేజ్‌లని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం, అంటే ఇప్పటి సాక్ష్య చట్టం, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, అది లాయరు గారు చూసుకుంటారు. ఫోన్ మార్చినా ఆ మెసేజ్‌లు పోకుండా చూసుకోవడం మాత్రం మీ పని.

ఇక అద్దె కాగితం. నమూనాలో "అన్నీ చూసుకుని తీసుకున్నాను" అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి. దాని బదులు ఓనరు గారి మాటగా ఈ పేరా రాయించండి, మా వాళ్లందరికీ నేను ఇదే పంపిస్తున్నాను: "ఈ ఇంట్లో వానాకాలంలో గోడలకు చెమ్మ ఎక్కే చోట్లు, శ్లాబు కారే చోట్లు, మురుగు వెనక్కి వచ్చే అవకాశం, గత పదేళ్లలో వరద లేదా వాన నీరు ఇంట్లోకి గాని వాకిట్లోకి గాని వచ్చిన సందర్భాలు, ఆ నీటి ఎత్తు నాకు తెలిసినంతవరకు కింద రాశాను. ఇవి కాక నాకు తెలిసిన లోపాలు లేవు. శ్లాబు, గోడలు, పైపులు, వైరింగు రిపేర్లు యజమాని బాధ్యత. నేను రాయని లోపం నాకు ముందే తెలుసని తేలితే, అద్దెదారు పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయవచ్చు, అడ్వాన్స్ పూర్తిగా తిరిగి ఇస్తాను, పాడైన సామానుకు పరిహారం ఇస్తాను." కింద ఖాళీ గీతలు, ఇద్దరి సంతకాలు, తేదీ. ఓనరు గారు రాయడానికి మొహమాటపడితే అవే ప్రశ్నలు వాట్సాప్‌లో పెట్టండి, జవాబు వచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.